ఫిల్మ్‌నగర్‌లో ముసురు.. నాన్నతో నాలుగు రోజులు

వాన మొదలవగానే హైదరాబాద్‌లో మన ఫోన్లు రెండు పనులు చేస్తాయి. ఒకటి, క్యాబ్ రేటు పెంచేస్తాయి. రెండు, 'వానలో ఎక్కడికెళ్లాలి' అంటూ వరసగా రీల్స్ చూపిస్తాయి. జూబ్లీహిల్స్ వైపు ఉండేవాళ్లకి ఆ లిస్టు ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటుంది. బౌలింగ్, బోర్డ్ గేమ్స్ కేఫ్, మాల్, మల్టీప్లెక్స్, గాజు గోడ పక్కన కూర్చుని వాన చూస్తూ తాగే కాఫీ. ఆ కాఫీ మూడొందలు, జీఎస్టీ అదనం. మా రేపల్లెలో వాన అరుగు మీద నుంచి ఫ్రీగానే కనిపించేది.

నేను వాటికి వ్యతిరేకమేం కాదు. జీతం పడ్డ వారంలో ఆ గాజు గోడ పక్కన నేనూ దొరుకుతాను. కాకపోతే ఆ లిస్టులన్నిటికీ పైకి చెప్పని షరతు ఒకటుంది. మీ కళ్లు బాగుండాలి, మోకాళ్లు బాగుండాలి, పక్కన మీ వయసువాళ్లే ఉండాలి. పోయిన జులైలో నా పక్కనున్నది మా నాన్న. వయసు అరవై రెండు. కుడి కంటికి అప్పుడే శుక్లం ఆపరేషన్ అయింది.

ఆపరేషన్ పెద్ద విషయం కాదులెండి, పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికి పంపేశారు. అసలు పని ఆ తర్వాతే. కంట్లో నీటి చుక్క పడకూడదు. తలస్నానం వద్దు. వంగొద్దు, బరువులెత్తొద్దు, దుమ్ములోకి, పొగలోకి వెళ్లొద్దు. చుక్కల మందు రోజుకి ఆరుసార్లు. ఇంకో మందు కూడా ఉంది, దానికీ దీనికీ మధ్య పది నిమిషాల గ్యాప్. నా ఫోన్‌లో అలారాలు పెట్టుకుంటే ఆఫీసు సర్వర్‌కి పెట్టిన షెడ్యూల్ కూడా దాని ముందు చిన్నదైపోయింది. బయట చూస్తే నాలుగు రోజుల ముసురు. ఫిల్మ్‌నగర్ కొండ మీద మూడో అంతస్తు, సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. చుట్టూ రాళ్లు, వాటి మధ్య నుంచి కిందికి పరుగెత్తే ఎర్ర నీళ్లు. కొండ మీద ఉన్నాం కాబట్టి వాన మాకు బాల్కనీ బయటి సంగతి. ఆ నీళ్లు దిగి చేరే టోలిచౌకి వైపు అలా కాదు, 2020 అక్టోబరులో నదీం కాలనీ ఇళ్లలోకే వచ్చేశాయి.

నాన్నకి మాత్రం ఆసుపత్రి తెగ నచ్చింది. కారణం డాక్టర్లు కాదు, బోర్డు. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి అది. గేటు దగ్గరే ఆగి, "మన ప్రసాద్ గారేనా?" అన్నాడు. ఆయనే. 1931లో 'ఆలం ఆరా', అదే ఏడాది తమిళ 'కాళిదాస్', 1932లో మన 'భక్త ప్రహ్లాద'. మూడు భాషల మొదటి టాకీల్లోనూ కనిపించిన మనిషి. తర్వాత దర్శకుడు, నిర్మాత, ల్యాబ్ యజమాని. ఆయన కుటుంబం ఇచ్చిన స్థలంతో, కోటి రూపాయల విరాళంతో 1987లో ఆ ఆసుపత్రి మొదలైంది. ఇవన్నీ నేను గూగుల్‌లో చూసి చెబుతుంటే నాన్న వినడం లేదు. సినిమా టైటిల్స్‌లో 'ప్రాసెసింగ్: ప్రసాద్' అన్న కార్డు ఎన్ని వందల సార్లు తెర మీద వేశాడో లెక్కేసుకుంటున్నాడు.

చెప్పలేదు కదూ, మా నాన్న రేపల్లెలో ఓ సినిమా హాల్లో ఇరవై ఆరేళ్లు ఆపరేటర్. ప్రొజెక్టర్ ఆపరేటర్.

మొదటి రోజు నిద్రలో గడిచిపోయింది. రెండో రోజు ఇద్దరికీ ఏం తోచలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. "కేబిన్‌లో కార్బన్ కడ్డీలు వెలిగినప్పుడు ఇలాంటి నల్లద్దంలోంచే చూసేవాళ్లం" అన్నాడు. "స్టూడియోలన్నీ ఇక్కడే అంటావు, ఒక్కటీ కనపడదేం?" అని కూడా అడిగాడు. అద్దాలు పెట్టుకున్న మనిషికి కిటికీలోంచి చేత్తో మ్యాప్ గీసి చూపించాను. అటు రామానాయుడు స్టూడియో, ఇటు పద్మాలయా, ఇంకాస్త దిగితే అన్నపూర్ణ. మెడ్రాసులో ఉన్న పరిశ్రమని ఇక్కడికి లాక్కొచ్చిన గోడలు అవి. వాటి సినిమాలు నాన్న చేతుల మీదుగా నడిచాయి కానీ ఆ గోడల లోపలికి ఆయన ఎప్పుడూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు, నాలుగేళ్లుగా రోజూ వాటి ముందు నుంచే పోతున్నా. ఎండైనా వానైనా ఫిల్మ్‌నగర్ పనంతా తలుపుల వెనకే. నా ఫ్లాట్‌మేట్ ఎడిటింగ్ అసిస్టెంట్. రాత్రి పదింటికి వచ్చి, తడిసిన మెట్లు చూసి "వాన పడిందా?" అని అడిగే రకం.

ఫోన్‌లో సినిమా పెట్టనా అంటే కన్ను లాగుతోంది వద్దన్నాడు. వినడానికేం పోయింది? 'ప్రేమ్‌నగర్' పెట్టాను. కోడూరి కౌసల్యాదేవి గారి నవల, 1971 సినిమా, నిర్మాత రామానాయుడు. నాన్న చేరేటప్పటికి అది పాత సినిమానే, కానీ మళ్లీ మళ్లీ ఆడేది. కళ్లు మూసుకుని వింటున్నాడు. కాసేపయ్యాక ఉన్నట్టుండి కుడిచేయి గాల్లోకి లేపి, ఏదో హ్యాండిల్ నొక్కినట్టు కిందికి దించాడు.

"ఏంటి నాన్నా?"

"రీలు మారింది."

నాకు నమ్మకం కుదరలేదు. ఇంజనీరింగ్ బుర్ర కదా, లెక్క తీశాను. 35 ఎంఎం ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24. అంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు. రెండు రీళ్లు కలిపి ఒకే స్పూల్‌కి చుట్టేవాళ్లట కాబట్టి 22. టైమర్ పెట్టుకుని ఆ చేయి కోసం కాచుకుని కూర్చున్నాను. రెండోసారి చేయి లేచేసరికి 21 నిమిషాల చిల్లర. టైమర్ ఆయనకి చూపించలేదు, చూపించినా చూడలేడు.

అసలు ఎలా తెలుస్తుందో అప్పుడు చెప్పాడు. హాల్లో ప్రొజెక్టర్లు రెండు. ఒకదాంట్లో రీలు అయిపోవస్తుంటే తెరకి కుడివైపు పైమూలన చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి రెండోదాని మోటార్ ఆన్ చేయాలి. ఏడు సెకన్లకి ఇంకో చుక్క. ఆ చుక్కకి ఇది మూసి అది తెరవాలి. కింద కూర్చున్న జనానికి మారినట్టే తెలియకూడదు. ఏళ్ల తరబడి అదే సినిమా వేసినవాళ్లకి చుక్క అక్కర్లేదు, డైలాగే చుక్క. "ఏఎన్నార్ గారు ఆ మాట అని తిరుగుతారు చూడు, అక్కడ" అంటాడు. ఆ సినిమాని నేను కథగా చూశాను, ఆయన అడుగుల్లో కొలిచాడు.

"ప్రింటు ఎక్కువ ఊళ్లు తిరిగితే గీతలు పడతాయి. నిలువుగా, తెరనిండా. మేం దాన్ని వాన అనేవాళ్లం. మాకొచ్చే ప్రింట్లన్నీ వాన ప్రింట్లే. ఎర్రటెండ సీన్లో కూడా జోరువాన" అని నవ్వాడు. బయట నిజం వాన కురుస్తోంది. పకోడీలకి నూనె కాగుతోంది, పొగ రాకుండా వంటింటి తలుపు వేసి.

నా ఉద్యోగం గురించి చెప్పాలి ఇక్కడ. ఓ ఓటీటీ యాప్‌లో, సినిమా మధ్యలో ప్రకటన ఎక్కడ రావాలో చూసే టీమ్ మాది. అవును, మీరు తిట్టుకునేది మమ్మల్నే. వీడియోలో ఆ చోటుకి మేం పెట్టే గుర్తుని క్యూ పాయింట్ అంటాం. నాన్న చెప్పిన చుక్కకి ఇంగ్లిష్ వాళ్లు పెట్టిన పేరు క్యూ మార్క్. ఇది ఆయనకి చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. ఎందుకంటే ఆయన పనిని మింగేసింది నేను చేసే పనికి అన్నలాంటిదే. 2011లో మా ఊరి హాల్లోకి డిజిటల్ వచ్చింది. రీళ్ల పెట్టెలు పోయాయి, బొమ్మ శాటిలైట్‌లోంచి దిగేది. మీట నొక్కడానికి ఆపరేటర్ ఎందుకు? అప్పుడు నేను తొమ్మిదో క్లాసు. నాన్న ఓ కల్యాణమండపంలో జనరేటర్ చూసుకునే పనికి వెళ్లడం తెలుసు. అంతకుమించి మా ఇంట్లో దాని గురించి ఎప్పుడూ మాటల్లేవు.

చెప్పాను. మూడో రోజు మధ్యాహ్నం, చుక్కలేసి పది నిమిషాల గ్యాప్‌లో.

కోపం రాలేదు. ఆసక్తిగా ముందుకి జరిగాడు. "ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్తారు మీకు?"

"ఎవరూ చెప్పరు నాన్నా. తెర నల్లగా అయినచోటు, శబ్దం లేనిచోటు ప్రోగ్రామే వెతుక్కుంటుంది."

"తప్పు" అన్నాడు వెంటనే. "పాటకి ముందు మాట ఆగుతుంది చూడు, అది ఖాళీ కాదు. జనం ఊపిరి బిగపట్టి ఉంటారు. అక్కడ కోస్తే కుర్చీలు విరగ్గొడతారు. నవ్వు అయిపోయాక ఆగుతుందే, అక్కడ కొయ్యి. ఎవరూ పట్టించుకోరు."

ఇంతవరకు మా రివ్యూ మీటింగుల్లో ఎవరూ అనని మాట అది. అలాగే టికెట్ రాసి పెట్టాను. ఇప్పటికీ బ్యాక్‌లాగ్‌లోనే ఉందనుకోండి.

దాని వెంటే ఆఖరి రోజు గురించి ఆయనే చెప్పాడు. సెకండ్ షో అయ్యాక రెండు ప్రొజెక్టర్లకీ నూనె వేసి, గుడ్డతో తుడిచి, కవర్లు కప్పి వచ్చేశాడట. అమ్మేస్తారని తెలుసు. తర్వాత కిలోల లెక్కన పాత ఇనుము వాళ్లు తీసుకెళ్లారు. "మరి తుడవడం ఎందుకు?" అన్నాను. "రోజూ తుడుస్తాను కదే" అన్నాడు. ఒక ఫిల్ము ముక్కయినా దాచుకోలేదా అంటే, ఏం చేసుకుంటాం అన్నాడు. నేను ఇంకేదో అడగబోతే అలారం మోగింది. రెండో మందు.

నాలుగో రోజు పేకలు తీశాం. ఆయన ఒంటికన్నుతో రమ్మీ ఆడి నన్ను ఎనిమిదిసార్లు ఓడించాడు. దాని గురించి ఇంకేం రాయను.

నెల తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడూ వానే. ఈసారి బయటికి వెళ్లొచ్చన్నారు. మెట్రో ఎక్కితే తడిసే పని తక్కువ. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం మూసేస్తారు, గుర్తుంచుకోండి. వాన రోజుకి దాన్ని మించిన చోటు నాకైతే కనిపించలేదు. టికెట్ పైన చెప్పిన కాఫీ కన్నా చాలా చవక, గదులు ఎంతకీ తరగవు, అలిసిపోతే కూర్చోవచ్చు, ఏం ఆర్డర్ చేస్తారని ఎవరూ అడగరు.

రైల్లోనే నాన్న కొత్త ఆట మొదలుపెట్టాడు. ఒక కన్ను మూసి చూడటం, తర్వాత రెండోది మూసి చూడటం. ఎడమ కంటితో ఊరంతా పసుపు, మసక. కుడి కంటితో తెల్లగా, అంచుల్లో నీలం. "ఇది వాన ప్రింటు, ఇది ఫస్ట్ రిలీజ్ ప్రింటు" అన్నాడు. లెన్స్ మార్చారు కదా, మరి స్కోప్ లెన్స్ వేశారా అని ఆటపట్టించాను. 'అల్లూరి సీతారామరాజు' 1974లో తెలుగులో మొదటి సినిమాస్కోప్ అని తెలిసినవాళ్లకే ఆ జోకు. ఎదురు సీటు కుర్రాడు మా ఇద్దరినీ వింతగా చూశాడు.

మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి తెప్పించాడు. రాతిలోంచి పల్చని ముసుగు, ముసుగులోంచి ముఖం. ఎడమ కన్ను మూశాడు. కుడి కన్ను మూశాడు. "పాత కంటికి ముసుగు లేదు, ఒట్టి బొమ్మే" అన్నాడు. తర్వాత గడియారం దగ్గర, గంట కొట్టే బొమ్మ కోసం వందమందితో పాటు బెంచీల మీద కూర్చున్నాం. అందరూ ఫోన్లు పైకెత్తారు. గడ్డం బొమ్మ బయటికొచ్చి మూడు కొట్టి లోపలికెళ్లింది. నాన్న మాత్రం పక్కనే సుత్తితో సెకన్లు కొట్టే చిన్న కమ్మరి బొమ్మనే చూస్తున్నాడు. జనం లేచి వెళ్లిపోయినా ఆ బొమ్మ కొడుతూనే ఉంది. కాసేపు ఇక్కడే ఉందామన్నాడు.

రెండో కంటికి నవంబరులో డేట్ ఇచ్చారు. అప్పుడు వినాల్సిన సినిమాల లిస్టు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపాడు, పదకొండు పేర్లు. నవంబరుకి వానలుండవు కదా నాన్నా, బయట తిరుగుదాం అన్నాను. దివిసీమ ఉప్పెన చూసిన మనిషి ఒప్పుకుంటాడా. "నవంబరులో వానలుండవని ఎవరు చెప్పారే నీకు? తుఫాన్లన్నీ అప్పుడే. పేకలు దగ్గర పెట్టుకో."