టాపు లేని కారు... అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా!

సినిమాలో హీరో ఓపెన్ టాప్ కార్లో వస్తాడు. జుట్టు గాలికి ఎగురుతూ వుంటుంది. పక్కన హీరోయిన్ పైట ఎగురుతూ వుంటుంది. చేతులు స్టీరింగ్ మీదున్నా హీరోగారి కళ్ళు మాత్రం ఆమె మీదే వుంటాయి. అయినా యాక్సిడెంటు కాదు! ఎందుకు కాదో పాత స్టూడియోల వాళ్ళనడిగితే చెబుతారు. ఆ కారసలు కదిలితేగా! సెట్లో కారు నిలబెట్టి, వెనక తెరమీద ముందే తీసిపెట్టుకున్న రోడ్డుని ప్రొజెక్టరుతో వేసి, ఎదురుగా ఫ్యాను పెట్టి, ఇద్దరు కుర్రాళ్ళు బంపరు పట్టుకుని వూపేవారు. మరి టాపెందుకు లేదంటారా? లైట్లకీ కెమెరాకీ మొహాలు అందొద్దూ!

అలాంటి పాటలు చూసి చూసి మా నాన్న మా కారు టాపు పీకించేశారు. యాభై ఏళ్ళ తర్వాత ఆ కారు అమ్మడానికి నేను పడ్డ పాట్లు ఇవి.

మా యిల్లు అశోక్‌నగర్లో. ఇవాళ ఆ పేరు చెబితే ఐ.ఏ.ఎస్. కోచింగ్ సెంటర్లు, గ్రూప్స్ కోసం జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్ళు, ఫుట్‌పాత్ మీద జిరాక్స్ నోట్సు గుర్తొస్తాయి. నా చిన్నప్పుడు అక్కడ పెంకుటిళ్ళూ, ముందు జాగా, జాగాలో జామచెట్టూ వుండేవి. మా జాగాలో జామచెట్టు కింద స్టాండర్డ్ హెరాల్డ్ వుండేది. నాన్న ప్లీడరు. 1974లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు.

ఈ బండి సంగతి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా 1959లో వచ్చింది. గీసినాయన ఇటలీవాడు, మికెలొట్టి. మన మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ వాళ్ళు 1961 నుంచి తయారుచేశారు. 948 సి.సి. ఇంజను, రెండే తలుపులు. ముందు బోనెట్టూ మడ్‌గార్డులూ అంతా కలిపి ఒకే ముక్క. మొసలి నోరు తెరిచినట్టు మొత్తం ముందుకి లేచేది. 25 అడుగుల జాగా వుంటే చాలు, వెనక్కి తిరిగిపోయేది. చిక్కడపల్లి సందుల కోసమే చేశారేమో అనేవారు నాన్న.

ఇంకో తమాషా, దీని టాపు వెల్డింగు కాదు. ముందు అద్దం ఫ్రేముకీ, వెనక డిక్కీ పక్కనా బోల్టులతో బిగించి వుంటుంది. బోల్టులిప్పితే పెట్టె మీద మూతలా పైకి వచ్చేస్తుంది. ఆ రహస్యం నారాయణగూడ మెకానిక్ ఒకాయన నాన్న చెవిలో వేశాడు. ఇంకేముంది! 1976 ఎండాకాలంలో మా కారు "కన్వర్టిబుల్" అయిపోయింది.

అమ్మ ఆ కారెక్కితే ఒట్టు. "వూరంతా నన్ను చూట్టానికా?" అంది. రిక్షాలో వెనకాల వచ్చేది. నాన్నా, నేనూ, తమ్ముడూ కార్లో. 1977లో అడవిరాముడు వచ్చినప్పుడు క్రాస్ రోడ్స్‌కి అలాగే బయల్దేరాం. జనం మధ్య కారు ఆగిపోయింది. ఆగిన కార్లోకి ఎవరో ఓ పిల్లాణ్ణి కూచోబెట్టారు, ఆ పిల్లాడి పక్కన ఇంకో పిల్లాణ్ణి. సినిమా అయ్యి వచ్చేసరికి సీట్ల నిండా పల్లీ పొట్టు! టాపు లేకపోతే వచ్చే కష్టాలు ఏ పాటలోనూ చూపించరు సుమండీ. వానొస్తే నాన్న డ్రైవింగు, నేను గొడుగు.

ఆ కారు 1996 తర్వాత షెడ్డులోంచి బయటికి రాలేదు. 2000 ఆగస్టులో వచ్చిన వరద గుర్తుంది కదా? ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన. హుస్సేన్‌సాగర్ నాలా పొంగి మా వీధుల్లోకి వచ్చింది. కారు స్టీరింగ్ దాకా మునిగింది. నాన్న గుమ్మంలో నిలబడి చూశారు, ఏమీ అనలేదు. 2009లో ఆయన పోయారు. కారు మాత్రం వుంది.

ఇప్పుడు యిల్లు డెవలప్‌మెంటుకిచ్చాం. నెలాఖరుకి కూలగొడతారు. అమ్మా నేనూ అద్దె ఫ్లాటుకి మారాలి, కారుకి అద్దె ఎవరిస్తారు? డల్లాస్‌లో వున్న తమ్ముడు ఫోన్లోనే ప్రకటన రాసి పడేశాడు. "1967 ఒరిజినల్ కన్వర్టిబుల్, కొద్దిపాటి పని వుంది, మూడు లక్షలు." ఒరిజినల్ కాదు కదరా అంటే, "టాపు లేదు కదా? లేకపోతే కన్వర్టిబులే" అన్నాడు. నేను వూరుకున్నాను. వూరుకోవడం నా తప్పు.

ముందు దాని ఆరోగ్యం తెలుసుకోవాలి కదా అని ఓ ఆదివారం పొద్దున్నే జీపుకి తాడు కట్టించి లాగించాను. వెనక హెరాల్డులో స్టీరింగు పట్టుకుని నేను. ఇన్నేళ్ళ తర్వాత ఆకాశం కింద కూచుని మా పేట చూశాను. తలమీద స్టీలు బ్రిడ్జి. 2023లో వచ్చింది, ఇందిరాపార్కు నుంచి వి.ఎస్.టి. దాకా. ఎడంపక్క సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు అప్పటికే కుర్రాళ్ళ వరస. చిక్కడపల్లి మెయిన్ రోడ్డెక్కితే మెట్రో స్తంభాలు. ఓపెన్ కార్లో పోతే అంతా ఆకాశమే కనిపించాలా? కాంక్రీటు అడుగుభాగం కనిపించింది! త్యాగరాయ గానసభ వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయన ఆగి, కళ్ళజోడు సర్దుకుని, కారుకి నమస్కారం పెట్టాడు. నాకు కాదు, కారుకే. క్రాస్ రోడ్స్ వైపు ఏదో సినిమా మొదటాట హడావుడి, డప్పులు వినిపిస్తున్నాయి. సంధ్య, దేవి, సుదర్శన్ 35 వున్నాయి. సుదర్శన్ 70 లేదు. నాన్న కారు పెట్టే చోటు ఏదో పోల్చుకోలేకపోయాను.

నారాయణగూడలో ఆ మెకానిక్ లేడు, కొడుకున్నాడు. ఆయనకే డెబ్బై.

"వకీల్ సాబ్ బండి గదా ఇది!" అన్నాడు చూడగానే. టీ తాగించాడు. తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకుని కారు కింద దూరాడు. టక్ టక్ మని చప్పుడు... తర్వాత టక్ మనలేదు. స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది.

"ఇంజన్ సంగతి నాకిడిసిపెట్టు బాబూ" అన్నాడు బయటికొచ్చి. "ప్లగ్గులు తీసి డీజిలు పోసి వారం వుంచుత. పానతోటి నిమ్మళంగ తిప్పుత. తిరుగుతది. లోహా మాట వినదు. నీళ్ళు తాగిన ఇనుము పుండు లెక్క. పైకి మానినట్టే వుంటది."

హెరాల్డుకి మధ్యలో వెన్నెముకలాగా చాసిస్ వుంటుంది. దాన్నుంచి రెండు పక్కలకీ చేతుల్లా ఇనుప అడ్డపట్టీలు వస్తాయి. వాటి మీదే బాడీ కూచునేది. మా కారుకి ఆ చేతులు తినేశాయి. పైగా టాపు వుంటే అది కూడా బాడీని కాస్త పట్టి వుంచేది. అదీ లేకపోయేసరికి కారు మధ్యలో వంగింది. అందుకే తలుపులు సరిగ్గా పడటంలేదు. తాళం పాడయిందనుకున్నాన్నేను!

ప్రకటన చూసి వచ్చినవాళ్ళలో తుక్కువాడు మొదటివాడు. తలుపు కూడా తెరవలేదు, చేత్తో ఓసారి చరిచి "పాతిక వేలు" అన్నాడు. తర్వాత జూబ్లీహిల్స్ నుంచి ఒకాయన. హోటల్లో పెట్టి అందులో ఐస్‌క్రీం అమ్ముతాట్ట. మూడోవాడు మనవాడే, సినిమావాడు. అసిస్టెంటు ఆర్ట్ డైరెక్టరు, పాతికేళ్ళుండవు, చురుకైనవాడు.

"డెబ్బైల కథ సార్. ఎర్ర రంగు కొడతాం. హీరో హీరోయిన్ల పాట ఒకటి, ఇంజన్ అక్కర్లేదు, వెనకనుంచి తోస్తాం."

"తర్వాతో?"

"తర్వాత విలన్ మనుషులు తగలబెడతారు సార్. ఒక్కటే టేకు!"

లక్షా యాభై వేలిస్తానన్నాడు. ఒరిజినలా కాదా అని అడగనైనా అడగలేదు. తగలబెట్టేదానికి ఎందుకు? డల్లాస్ నుంచి తమ్ముడు "ఇచ్చెయ్" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాక్కూడా ఆశ పుట్టింది. నాన్న కారు తెరమీద... పోతే పోయింది, ఆయన కోరుకున్న పాటలోనే పోతుంది కదా!

నాలుగోది ఓ అమ్మాయి. మెకానికల్ ఇంజనీరు. వనస్థలిపురం నుంచి స్కూటీ మీద వచ్చింది. సంచిలోంచి గోనెపట్టా, టార్చి, గుడ్డముక్క చుట్టిన అయస్కాంతం తీసింది. అయస్కాంతాన్ని బాడీమీద మెల్లగా జరిపింది. అంటుకున్న చోట ఇనుము, జారిపోయిన చోట లోపల పుట్టీ. ఎడం తలుపు కింద జారిపోయింది. తర్వాత ఆర్.సి. అడిగి చాసిస్ నెంబరూ ఇంజన్ నెంబరూ కలిపి చూసుకుంది. మీరెవరైనా పాత కారు కొనాలనుకుంటే ముందు చెయ్యాల్సినవి ఈ రెండు పన్లే. రంగూ సీట్లూ తర్వాత.

ఆఖర్న ముందు అద్దం ఫ్రేము మీద వేలుపెట్టి తడిమింది.

"అంకుల్, ఇక్కడ బోల్టు కన్నాలున్నాయి. ఇది కంపెనీ కన్వర్టిబులా, తర్వాత టాపు తీసిందా?"

ఆ పిల్లకి తెలుసు. తెలిసే అడుగుతోంది. నాన్న జీవితమంతా కోర్టులో సాక్షుల్ని ఇలాంటి ప్రశ్నలే అడిగారు. నేను చెప్పేశాను. 1976, ఎండాకాలం, నారాయణగూడ... అన్నీ. ప్రకటనలో రాసింది అబద్ధమనీ చెప్పాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. లెక్క చెప్పింది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి రూల్సు తెచ్చింది. బండికి యాభై ఏళ్ళు దాటాలి, చాసిసూ బాడీ ఇంజనూ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో వుండాలి. కొత్తగా రిజిస్ట్రేషనుకి ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది. మాదిలా మూడక్షరాల పాత నెంబరున్న బండికి ఆ నెంబరు వుంచుకోవచ్చు. (ఆ నెంబరు తర్వాత మన రాష్ట్రంలో ఏ.పి. వచ్చింది, టి.ఎస్. వచ్చింది, టి.జి. వచ్చింది. మా కారు అవేవీ ఎరగదు.) రోజూ ఆఫీసుకి వేసుకుపోవడానికి వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేర్లకీ మాత్రమే. "అందుకే నాకు టాపు కావాలి అంకుల్. టాపుంటే తొంభై వేలిస్తాను. లేకపోతే నాకొద్దు."

టాపు! యాభై ఏళ్ళ కిందట పీకిన టాపు ఎక్కడుంటుంది? ఏ జుమ్మేరాత్ బజార్లోనో అమ్మేసి వుంటారనుకున్నాను.

అమ్మ వరండాలో కూచుని ఇదంతా వింటోంది. ఎనభై నాలుగేళ్ళు. "పెరట్లో చూడరా" అంది.

పెరట్లో రుబ్బురోలు మీద ఎండా వానా పడకుండా నాలుగు కర్రల మీద ఓ రేకు కప్పుంటుంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. పాకురు గోకితే కింద లేత నీలం రంగు! మా కారు రంగు. వెనక అద్దం చోట ఇటుకలు పెట్టి మూసేసింది అమ్మ.

"మీ నాన్న అమ్మేస్తానంటే నేనే దాచాను. ఎప్పటికైనా బుద్ధొచ్చి బిగిస్తారనుకున్నా" అంది.

తొంభైకి, లక్షా యాభైకి తేడా అరవై వేలు. సగం తమ్ముడిది. ఆ రాత్రి వాడికి ఫోన్ చేస్తే గంటసేపు వాదించాడు. "తగలబెడితే నీకేంటి, ఎవరో కొనుక్కున్నాక?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ అమ్మాయికే ఇచ్చాను. నా వాటాలోంచి ముప్ఫై వేలు వాడికి వేశాను. వాడు తీసుకున్నాడు కూడా!

కాయితాల పని మూడు వారాలు పట్టింది. ఆర్.సి. నాన్న పేరుమీదుంది కాబట్టి ముందు వారసుడిగా ఫారం 31, తర్వాత అమ్మకానికి 29, 30. పోయినవాళ్ళ పేర బండి ఇంట్లో వుంటే ఆ మొదటి ఫారం ఇప్పుడే చేయించుకోండి, కొనేవాడు గుమ్మంలో నిలబడ్డాక కాదు.

కారెక్కించుకుపోయే లారీ వచ్చిన రోజున నలుగురు కుర్రాళ్ళు టాపు మోసుకొచ్చి కారుమీద బోర్లించారు. అచ్చంగా కూచుంది. అమ్మ కర్ర పట్టుకుని వచ్చి తలుపు తీయమంది. సగమే తెరుచుకుంది. అందులోంచే దూరి ముందు సీట్లో కూచుంది. ఓ రెండు నిమిషాలు ఎదురుగా చూస్తూ కూచుని, "స్ప్రింగులు గుచ్చుకుంటున్నాయి" అని దిగిపోయింది.

మర్నాడు ఆ అమ్మాయి ఫోను. నారాయణగూడ షెడ్డులోనే పెట్టించింది, చాసిస్ చేతులు అక్కడే కొత్తవి చేయిస్తోంది. "అంకుల్, అన్నీ వున్నాయి, టాపు బోల్టులు లేవు. ఆ సైజు రాణిగంజ్‌లోనూ దొరకలేదు."

నాన్న బల్ల సొరుగులో, పాత కోర్టు స్టాంపుల కింద, హార్లిక్స్ సీసా దొరికింది. నిండా గ్రీజు. గ్రీజులో బోల్టులు, ఒక్కో బోల్టుకీ దాని వాషరు. సీసా మీద నాన్న దస్తూరీలో చీటీ. "టాపువి. పారెయ్యొద్దు."

చిక్కడపల్లి స్టేషన్లో మెట్రో ఎక్కాను. నారాయణగూడ ఒక్క స్టేషనే. స్కానింగ్ దగ్గర సెక్యూరిటీ కుర్రాడు సీసా తీయించి "ఏంటి సార్ ఇది, పచ్చడా?" అన్నాడు.