మడ్డి కుప్పలు

నవంబరు దాటేసరికి బోధన్ గాలిలో మడ్డి వాసన చేరేది. పులిసిన బెల్లం నీళ్ల వాసన, సగం తీపి, సగం కంపు. పండక్కి వచ్చిన అల్లుళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన రాకపోతేనే బెంగ. ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ ఇంకా మొదలుకాలేదన్నమాట.

మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఆ కాల్వల కింద చెరుకు పెరిగింది. 1937లో షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. వచ్చినవాళ్లంతా చక్కెర బస్తాల లెక్కే అడిగేవాళ్లు. వెనకవైపు తిరిగేవాళ్లది ఇంకో లెక్క: నూరు టన్నుల చెరుకు ఆడితే ముప్పై టన్నుల దాకా పిప్పి, మూడు నాలుగు టన్నుల మడ్డి.

పిప్పి బాయిలర్లకు పోయేది. దాని మసి నల్లరేకులై ఆరేసిన పంచెల మీద వాలేది. మడ్డి సంగతి వేరు. చెరుకు రసంలో సున్నం కలిపి, గంధకం పొగ పట్టిస్తే మైలంతా అడుక్కి దిగుతుంది. దాన్ని వడకట్టగా మిగిలేదే మడ్డి. వేడివేడిగా రాలేది, పట్టుకుంటే చేతికి జిడ్డు అంటేది.

పల్లపు జాగాలో దాన్ని పోయించడం మేస్త్రీ పని. ఒకేచోట గుమ్మరిస్తే లోపల వేడెక్కుతుందని, నడుమ బండి పట్టేంత దారి వదిలి వరసలుగా పోయించేవాడు. బయటి నీళ్లు కుప్పలోకి రాకుండా ఎగువన ఒక కాల్వ. కుప్పలోంచి ఊరే నల్లనీళ్లు నిలవకుండా దిగువన ఒక మోరి, దాని కొసన గుంత. అకాల వానకు మోరి పూడితే కుప్ప పాదం మెత్తబడి జారేది, ఎడ్లు మోకాళ్ల దాకా దిగబడేవి. చలికాలం పొద్దున చెయ్యి పెడితే పైపొర మంచుకు తడిసి చల్లగా ఉండేది. జానెడు లోతుకు గడ్డపార దింపి తీస్తే మొన కాలేది.

తర్వాతెప్పుడో గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని మట్టిగుట్టలు చూశాను. మెట్లు మెట్లుగా పోసి, చుట్టూ కాల్వ తీసి, అక్కడా నీళ్లతోనే తంటా. వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో 1966లో ఊటల మీద పోసిన బొగ్గుగని చెత్తగుట్ట జారి 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. గని మూతపడ్డా అలాంటి గుట్టలు చాలాచోట్ల మిగిలే ఉంటాయి. మా కుప్ప మిగిలేది కాదు.

చెరుకు దించి వట్టి బండి తోలుకుపోవడం రైతుకు నామోషీ. మడ్డి నింపుకునేవాడు. పచ్చిది వేస్తే మొలక మాడుతుందని గట్టున పోసి, మాగనిచ్చి, దుక్కిలో కలిపేవాడు. ఎడపల్లి, రెంజల్, వర్ని చేలల్లో కలిసిన మడ్డి మళ్లీ చెరుకై గేటు ముందుకొచ్చేది.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటుపరమైంది, 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపిస్తామన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంది. చెరుకు ఆడితే చక్కెర కంటే ముందే మడ్డి బయటపడుతుంది. కాబట్టి ఎవరేం చెప్పినా, వెనకగేటు నుంచి మొదటి మడ్డిబండి కదిలిన రోజున నమ్ముతాను.