అసలైన నలుపు

నల్లగొండలో మా ఇంటి టీవీ పోయిన శ్రావణంలో పాడయింది. పూర్తిగా పోలేదు. తెరకు కుడివైపు జానెడు వెడల్పున బూడిదరంగు పట్టీ పడింది. న్యూస్ చానెల్ వాళ్లు మూలన చూపించే గడియారం సరిగ్గా దాని కిందికి పోయింది. నాయిన ఫోన్ చేసి, "టైమ్ కనపడ్త లేదురా, ఒక టీవీ జూడు" అన్నాడు. ముప్ఫై రెండు ఇంచుల ఆ ఎల్సీడీ నా మొదటి జీతాల్లోంచి మిగిల్చి కొన్నది. పన్నెండేళ్లు పనిచేసింది.

ఆయన అడిగింది గడియారం కనపడే టీవీ. నేను మాత్రం అదే రాత్రి ఎక్సెల్ షీటు తెరిచి మొదటి గడిలో 'ఓలెడ్' అని రాసుకున్నాను. ఎందుకో చెప్పాలంటే నలుపు సంగతి కొంచెం చెప్పాలి.

మామూలు ఎల్సీడీ టీవీలో తెర వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ముందున్న పిక్సెళ్లు కిటికీ తలుపుల్లాంటివి. నలుపు చూపించాలంటే తలుపు మూసుకోవాలి. ఎంత గట్టిగా మూసినా సందుల్లోంచి వెలుగు కారుతుంది. అందుకే రాత్రి లైట్లన్నీ ఆర్పి చూస్తే ఆ టీవీలో నలుపు నలుపు కాదు, తడిసిన పలకలాగా బూడిదరంగు. మినీ ఎల్ఈడీ అని ఇప్పుడొస్తున్నవాటిలో వెనక దీపాన్ని వందల, వేల ముక్కలు చేసి, అవసరంలేని చోట ఆర్పుతారు. చాలా మెరుగే, కానీ నల్లటి ఆకాశంలో చందమామను చూపిస్తే చుట్టూ పలచటి గుడి కట్టినట్టు వెలుగు కనిపిస్తుంది. ఓలెడ్‌లో వెనక దీపమే లేదు. 4కె తెర మీద ఉండే సుమారు 83 లక్షల పిక్సెళ్లలో ప్రతిదీ తన దీపం తానే. నలుపు కావాలంటే అది ఆరిపోతుంది, అంతే. కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు 1987లో ఈ పద్ధతికి పునాది వేస్తే, పెద్ద తెరగా ఇళ్లలోకి రావడానికి 2013 దాకా పట్టింది.

ఇంత నలుపు నాకెందుకు? సినిమాల మీద అప్పుడప్పుడు వ్యాసాలు రాస్తుంటాను కాబట్టి. ముఖ్యంగా ఒక వ్యాసం వల్ల. నాలుగేళ్ల కింద బి. నర్సింగరావు 'దాసి' గురించి రాశాను. 1988 నాటి సినిమా. నిజాం కాలపు తెలంగాణలో ఒక గడీ, అందులో కమలాక్షి అనే దాసి. అర్చనకు ఉత్తమ నటిగా, ఇంకా ఛాయాగ్రహణానికి, కళాదర్శకత్వానికి, దుస్తులకు జాతీయ అవార్డులు తెచ్చింది. దుస్తుల అవార్డు అందుకున్న పిట్టంపల్లి సుదర్శన్ మా జిల్లా మిర్యాలగూడ వారే. ఆ తర్వాత ఆయన పేరే 'దాసి' సుదర్శన్ అయిపోయింది. ఇన్ని తెలిసీ నేను ఆ వ్యాసంలో ఏం రాశానంటే, గడీ లోపలి రాత్రి దృశ్యాల్లో ముఖాలు కూడా ఆనవనీ, ఛాయాగ్రాహకుడు వెలుగు దగ్గర మరీ పిసినారితనం చూపాడనీ. ఆ ఛాయాగ్రాహకుడు అపూర్వ కిషోర్ బీర్. అవార్డు వచ్చింది సరిగ్గా ఆ పనికే. వ్యాసం చదివిన ఒక మిత్రుడు ఒకే ప్రశ్న అడిగాడు: "ఏ తెర మీద చూశావ్?" హైదరాబాదు అద్దె గదిలో, లాప్‌టాప్‌లో, ఆన్‌లైన్‌లో దొరికిన ఒక అరిగిన కాపీ చూశాను. జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న మాత్రం అప్పటినుంచి నన్ను వదల్లేదు.

కాబట్టి నాయిన పేరు చెప్పి నేను నా తప్పుకు తెర కొనబోయాను. షీటు మాత్రం నాకు ఎదురు తిరిగింది. హాల్లో సోఫాకూ గోడకూ మధ్య టేపు పట్టి కొలిచాను, తొమ్మిదడుగులు. చూసే కంటికి తెర కనీసం ముప్ఫై డిగ్రీల మేర పరుచుకోవాలనేది సినిమా వాళ్లు పాటించే ఒక లెక్క. ఆ లెక్కన 55 ఇంచులకు ఏడున్నర అడుగుల దూరం, 65కు తొమ్మిదడుగులు, 77కు పదిన్నర. అంటే 65. అంతవరకు బాగానే ఉంది. కానీ మా హాలుకు తూర్పు తలుపు. పొద్దంతా బార్లా తీసే ఉంటుంది, వచ్చేపోయేవాళ్లు ఉంటారు. వెలుగు పడ్డ తెర ఎంత మంచిదైనా దాని నలుపు కొంత చెడుతుంది. పగటి వెలుగును ఎదుర్కోవాలంటే మినీ ఎల్ఈడీకే బలమెక్కువ. రెండోది, వార్తలు. నాయిన పొద్దున ఆరింటికి పెడితే మధ్యలో భోజనం, నిద్ర తప్ప రాత్రి తొమ్మిదిదాకా వార్తలే. మన తెలుగు న్యూస్ చానెళ్ల తెర చూశారు కదా. పైన లోగో, కింద ఎర్రపట్టీ, దాని కింద ఇంకో పట్టీ, పక్కన గడియారం. రోజూ అన్నన్ని గంటలు కదలకుండా ఒకేచోట వెలిగే పిక్సెళ్లు మిగతావాటికంటే ముందు అరుగుతాయి. కొన్నేళ్లకు సినిమా పెట్టినా ఆ ఎర్రపట్టీ నీడ కింద కనిపిస్తూనే ఉంటుంది. దీన్నే బర్న్-ఇన్ అంటారు. మూడోది, ధర. సెప్టెంబరు 22న పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినా, అదే సైజు మినీ ఎల్ఈడీకీ దీనికీ మధ్య ఒక మంచి సెకండ్ హ్యాండ్ బండి ధర తేడా ఉంది.

మార్కులు కూడితే మినీ ఎల్ఈడీ గెలిచింది. అప్పుడు నేను చేసిన పని ఒప్పుకోవాలి. 'రాత్రి చూసే సినిమాలు' అన్న వరుసకు పది ఉన్న విలువను ముప్ఫై చేశాను. ఓలెడ్ గెలిచింది. ఆఫీసులో ఎవరైనా జూనియర్ ఇలా చేస్తే నేను ఊరుకోను.

దసరా వెళ్లాక అమ్మానాయినలను తీసుకుని ఊళ్లోనే ఒక షోరూముకు పోయాను. రెండు టీవీలు పక్కపక్కన. రెండింట్లోనూ రంగురంగుల చిలుకలు, తేనె ధార, నల్లటి నేపథ్యం. "పిక్చర్ ఎట్లుంది సార్?" అన్నాడు కుర్రాడు. నేను ఫిల్మ్‌మేకర్ మోడ్ పెట్టమని అడుగుతుంటే, నాయిన తెరకు దగ్గరగా పోయి ఎడమ కన్ను మూసి చూశాడు. తర్వాత కుడి కన్ను మూసి చూశాడు. మళ్లీ ఎడమది.

"ఏంది నాయినా?"

"ఈ కంటికి తెల్లగున్నది. ఈ కంటికి పసుపుగున్నది. రెండు టీవీలు గట్లనే ఉన్నయ్."

ఎండాకాలంలో కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమది నెలలోపే చేయించుకోమన్నారు. "జూద్దాం తియ్" అంటూ వచ్చాడు. నేనూ పనుల్లో పడి గట్టిగా అడగలేదు. కంటిలో కటకం మసకబారినప్పుడు పసుపు తిరుగుతుంది, నీలం రంగును మింగేస్తుంది. లోపలికి వచ్చే వెలుగును చెదరగొడుతుంది. చెదిరిన వెలుగు నలుపు మీద పొరలా పరుచుకుంటుంది. అంటే ఎల్సీడీ తెర వెనక దీపం చేసే పనే ఆయన కంట్లో జరుగుతున్నది. పిక్సెల్ ఆరిపోతే ఏం, ఆరకపోతే ఏం. నెలన్నర నుంచి నేను తెరల కాంట్రాస్ట్ లెక్కలు చదువుతున్నాను. ఆ నెలన్నరా మా నాయిన సగం పసుపులో వార్తలు చూస్తున్నాడు.

అమ్మ అక్కడే, ఆ కుర్రాడి ముందే అన్నది: "మొదలు కన్ను. టీవీ యాడికి వోతది?"

దీపావళి ఆఫర్ పోయింది. కార్తీకంలో ఎడమ కన్ను ఆపరేషన్ అయింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తుంటే కారులో నల్లద్దాలు పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్న నాయిన, తను మొట్టమొదట చూసిన టీవీ గురించి చెప్పాడు. నాకు ముప్ఫై అయిదేళ్లొచ్చినా ఎన్నడూ చెప్పలేదు. నేను అడగలేదు గనక.

నాయినది పాలమూరు జిల్లాలో ఒక పల్లె. కరెంటు డిపార్ట్‌మెంటులో ఉద్యోగం వచ్చాక నల్లగొండకు బదిలీ అయి ఇక్కడే ఉండిపోయాడు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకుని మన ఇస్రో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు టీవీ చూపించింది. సైట్ అని దాని పేరు. అందుకు ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. సెట్లు హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. వాటికి పదడుగుల వెడల్పున వైరు జాలీతో చేసిన గొడుగు. ఇదంతా నేను పుస్తకాల్లో చదివిందే. ఆ పల్లెల్లో ఒకటి మా ఊరని మాత్రం తెలియదు.

"బడి అర్గు మీద పెట్టిండ్రు. నాకు పన్నెండేండ్లు. బడికి కరెంటుండె, మా ఇండ్లకు లేకుండె. పొద్దు గూకంగనే బువ్వ తిని ఉర్కెటోళ్లం. పంటల ముచ్చట, రోగాల ముచ్చట, పిల్లలు తక్కువ గనుండ్రని. ఏం జెప్పినా జూసెటోళ్లం. ముసలోళ్లు గూడ ఒచ్చెటోళ్లు. నలుపూ తెలుపే. ఇంత పెట్టె, ఊరంత జనం."

"తర్వాత?"

"ఏడాది అయినంక బొమ్మ రాలే. సారును అడిగితె, మీద ఉన్నది వోయిందిర అన్నడు. మేం కొన్నొద్దులు ఒట్టిగనే వొయ్యి అర్గు మీద కూసున్నం."

ఉపగ్రహం గడువు తీరిపోయింది. దాన్ని వెనక్కి జరిపేశారు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది ఆ మరుసటేడు, 1977 అక్టోబరులో. దాని బొమ్మ మా పల్లెకు అందడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టిందంటాడు నాయిన.

ఇంటికొచ్చాక షీటు తెరిచి, బర్న్-ఇన్ సంగతి దాచకుండా ఆయనకు చెప్పాను. మీ వార్తల వల్ల అయిదారేళ్లకు పట్టీ అచ్చు పడొచ్చు, నాకోసం కొంటున్నట్టే ఉంది, మీకు మినీ ఎల్ఈడీయే మంచిది అన్నాను. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "మంచిగ కనపడేది ఏదో అది తే. మాది ఏడాదికే వోయింది. అయిదారేండ్లంటె తక్కువనా?" అన్నాడు. షీటులో ఈ వాదనకు గడి లేదు. 65 ఇంచుల ఓలెడ్ కొన్నాం. ఇప్పటికీ లెక్కప్రకారం అది తప్పు నిర్ణయమే అనుకుంటాను.

బిగించిన రోజే గొడవ మొదలైంది. ముప్ఫై ఏళ్లకు పైగా కరెంటు స్తంభాలతో బతికిన మనిషి కదా, రాత్రి పడుకునే ముందు గోడ మీద స్విచ్చులన్నీ ఆర్పందే ఆయనకు నిద్ర పట్టదు. ఓలెడ్‌కు అది పనికిరాదు. కొన్ని గంటలు వాడాక రిమోట్‌తో ఆపినప్పుడు, అది లోపల్లోపల పిక్సెళ్ల అరుగుదల కొలుచుకుని సరిచేసుకుంటుంది. ప్లగ్గులో కరెంటు ఉంటేనే ఆ పని జరుగుతుంది. ఆయన వాదన ఆయనకుంది: "ఓల్టేజి తగ్గితె నీ టీవీకి ఏం గాదు. న్యూట్రల్ తెగిందనుకో, ఇంట్లకు నాలుగొందలు ఒస్తది. అప్పుడు జూడు." నిజమే. ఈ కాలపు టీవీలు తక్కువ వోల్టేజిని తట్టుకుంటాయి, అంత ఎక్కువను తట్టుకోలేవు. ఇద్దరం కూర్చుని రాజీకొచ్చాం. ఆయన దగ్గరుండి ఎర్తింగు మళ్లీ తవ్వించి, ఎక్కువ వోల్టేజి వస్తే లైను తెంపేసే పరికరం పెట్టించాడు. టీవీ స్విచ్చు మీద అమ్మ బొట్టుబిళ్ల అంటించింది, దాన్ని ముట్టుకోవద్దని గుర్తు.

ఆ శనివారం రాత్రి తలుపులు వేసి, ట్యూబులైటు ఆర్పి 'దాసి' పెట్టాను. అదే పాత కాపీ. ఇంకా మంచిది నాకు దొరకలేదు. శ్యామ్ బెనెగల్ 'మంథన్' (1976) బాగుచేసిన ప్రతి 2024లో కాన్స్‌లో ఆడింది. అంతటి యోగం ఈ సినిమాకూ పట్టాలి. ఓలెడ్ మీద ఆ కాపీ ఇంకా అన్యాయంగా ఉంది. తెర నలుపును నిజాయితీగా చూపిస్తుంది గనక, చీకట్లో ఉండాల్సిన చోట కంప్రెషన్ వల్ల పగిలిన చదరపు ముక్కలన్నీ స్పష్టంగా కనిపించాయి. లక్షన్నర పెట్టి కొన్నది ఇందుకా అనిపించింది. రిమోట్ తీసి బ్రైట్‌నెస్ పెంచబోయాను.

"ఉండనియ్" అన్నాడు నాయిన. రెండు కళ్లతో చూస్తున్నాడు. "కందిలి ఎల్గు గంతే ఉంటది. అవుతల మనిషి ఒచ్చిండంటె మొకం కనపడదు, కాళ్ల సప్పుడే. ఎవరో తెల్వక గుండె కొట్టుకునేది."

ఆ దృశ్యాన్నే నేను వ్యాసంలో పేరు పెట్టి తప్పుపట్టాను. నాలుగేళ్లుగా తప్పంతా లాప్‌టాప్ తెరదనీ, కాపీదనీ నాకు నేను చెప్పుకుంటున్నాను. తెర మారింది. కాపీ అట్లాగే ఉంది. నేను పుట్టేసరికి ఇంట్లో బల్బు ఉంది, కాబట్టి ముఖం ఆనకపోవడం నాకు సాంకేతిక లోపంలా కనిపించింది. గడీలో ఎవరు వస్తున్నారో తెలియకపోవడమే ఆ ఆడమనిషి భయమని నాకు తట్టలేదు.

సినిమా సగంలో అమ్మ నిద్రపోయింది. నాయిన చివరిదాకా చూసి, లేచి, అలవాటుగా గోడ దాకా పోయి, బొట్టుబిళ్ల చూసి ఆగి, మిగతా స్విచ్చులు ఆర్పి పడుకున్నాడు. నేను ఆ రాత్రే పాత వ్యాసం వేసిన సంపాదకులకు రాశాను. వ్యాసం తీసేయొద్దని, ఆ పేరా కింద మాత్రం 'ఇది వ్యాసకర్త పొరపాటు' అని ఒక్క వాక్యం చేర్చమని.