ఎఱుపంతయు రక్తము కాదు



మా ఆడపడుచును గుడివాడలో నిచ్చితిమి. నిరుడు అయిదవ నెల గర్భిణిగా బందరులోని మా యింటికి వచ్చునప్పటికి ఆమె మొగము పాలిపోయి యుండెను. నాలుగు మెట్లెక్కినచో ఆయాసపడుచుండెను. పరీక్ష చేయింపగా హిమోగ్లోబిన్ 8.5 అని తేలెను. గర్భిణికి 11 కంటె తక్కువైనచో రక్తహీనతయే.

మాంసములో ఇనుము మెండని యెవరో చెప్పగా విని, ఆమె భర్త సాసేజీలు, సలామీ అను పొట్లములు తెచ్చి, “అక్కయ్యగారూ, ఇవి రోజూ వేయించి పెట్టండి. ఎంత ఎఱ్ఱగా ఉన్నాయో చూడండి, ఇట్టే రక్తం పడుతుంది” అనిరి.

మా తండ్రిగారు నాకు ఇంటియందే ప్రబంధములు చెప్పిరిగాని పొట్లముమీది సన్నని అక్షరములు చదువు విద్య చెప్పలేదు. మావారు కండ్లద్దములు పెట్టుకొని చదివిరి: మాంసము, ఉప్పు, సోడియం నైట్రైటు. పాండురోగమునకు లోహభస్మము చెప్పబడుట నేనెఱుగుదును. ఈ నైట్రైటేమో యెఱుగను. మఱునాడు వైద్యురాలి నడిగితిని.

ఆహారమందలి ఇనుము రెండు తెఱగులట. మాంసము, చేపలలో హీము అను పదార్థముతో కూడియున్న ఇనుము దేహమునకు సులభముగా పట్టును. ఆకుకూరలు, పప్పులలోనిది అంతగా పట్టదు. అయితే, మాంసము నిలువయుండుటకై వేయు నైట్రైటు ఆ హీములోని ఇనుముతో కలిసి రంగును నిలుపును. ఆ యెఱుపు మందు తెచ్చిన యెఱుపే గాని ఇనుము హెచ్చుటవలన కలిగినది కాదు. నూరు గ్రాముల సాసేజిలో ఉండు ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములే. గర్భిణికి దినమునకు 27 కావలెను. పైగా ఆ హీము, నైట్రైటులు ప్రేగులలో కీడు చేయు పదార్థములను పుట్టించును. ఇట్టి మాంసము పెద్దప్రేగు క్యాన్సరునకు కారణమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో నిర్ణయించెను.

“మా దివిసీమ ఎండుచేపల్లో ఏ మందూ లేదుగా?” అని అత్తగారనిరి. ఇనుమున్నను ఉప్పు మిక్కుటము గనుక పచ్చిచేపయే మేలని వైద్యురాలు చెప్పి, 60 మిల్లీగ్రాముల ఇనుపమాత్రలను తానే మోతాదు నిర్ణయించి యిచ్చినది. తోటకూరపప్పుపై నిమ్మరసము పిండుకొనవలెననియు, భోజనము కాగానే తేనీరు త్రాగరాదనియు చెప్పినది.

చివర ఆమె నన్ను చూచి, “మీరెప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా?” అని యడిగినది. లేదంటిని. అప్పుడే చేయింపగా నాకు 10 మాత్రమే యుండెను. గర్భము లేని స్త్రీకి 12 ఉండవలెను. 2019–21 సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినదట. నేనును ఆ లెక్కలోనిదాననే.

ఇంటికి వచ్చి ఆలోచించితిని. మా యింట గిలకలదిండి చేప వారమునకు రెండుమార్లు వండుదుము. ముందు మగవారు, పిమ్మట పిల్లలు, ఆ తరువాత అత్తగారు, చివర మేము. మా వంతునకు గిన్నెలో పులుసు మిగులునే గాని ముక్క మిగులదు. సులభముగా పట్టు ఇనుము మా యింట లేక కాదు, మా కంచమువఱకు రాలేదు!

నాటినుండి వడ్డించుటకు ముందే మా యిద్దరి ముక్కలు వేఱుగా తీసి యుంచితిని. అత్తగారు మొదట ముక్కు విఱిచిరి. మావారు మాత్రము, “వడ్డించేవారి కంచం కూడా మాతోనే పెట్టండి” అనిరి. పొట్లములు తెచ్చినవారి మనసు నొప్పింపక ఒకనాడు తలకొక ముక్క తింటిమి, మరల తెప్పింపలేదు.

ఎనిమిదవ నెలలో ఆడపడుచునకు 10.6 వచ్చెను. సుఖముగా ప్రసవించినది. నా మాత్రలు ఇంకను సాగుచున్నవి.

సోదరీ, నేటి మధ్యాహ్నము గిన్నె దించినప్పుడు నీ ముక్క ముందుగా తీసి యుంచుము.