తెరమీది కుక్క

నేను ఎంబీబీఎస్ చదివే రోజుల్లో ఫార్మకాలజీ ప్రాక్టికల్ అంటే మసి డ్రమ్ము. దాని చుట్టూ అంటించిన కాగితానికి కిరోసిన్ దీపం పొగ పట్టించి, లివరు మొనతో గీత గీయించి, చివర్న వార్నిష్‌లో ముంచి ఆరబెట్టేవాళ్లం. కప్ప గుండె చాలాసార్లు పుస్తకం చెప్పినట్టు వినేది కాదు. ఆ రోజుల మీద నాకేం మోజు లేదు. 2014లో భారత వైద్య మండలి ఎంబీబీఎస్ ప్రాక్టికల్స్‌లో జంతువుల బదులు కంప్యూటర్ పాఠాలే వాడాలని చెప్పినప్పుడు హమ్మయ్య అనుకున్నాను. పుదుచ్చేరి జిప్‌మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ లాంటి ప్రోగ్రాములు అప్పటికే ఉన్నాయి. 2019 నుంచి వచ్చిన సిలబస్‌లోనైతే, రక్తపోటు మీద మందుల ప్రభావాన్ని కంప్యూటర్‌లోనే చూపించాలని రాసే ఉంది.

హమ్మయ్య అనుకోడానికి బయటికి చెప్పని కారణం ఇంకోటుంది. అప్పటికి పాఠం చెప్పేది నేనే కదా, పని తగ్గింది. పిల్లలు వచ్చి కూర్చుంటారు, మందు ఎంచుకుని క్లిక్ చేస్తారు, తెరమీది కుక్క బీపీ గ్రాఫు వచ్చేస్తుంది. వాళ్లు దాన్ని రికార్డులోకి ఎక్కించుకుంటుంటే నేను ఓ మూల కూర్చుని పాత రికార్డులు దిద్దుకునేదాన్ని.

ఓసారి ఇంటర్నల్ పరీక్షలో అవే గ్రాఫులు ప్రింటు తీసి, వరస మాత్రం మార్చి ఇచ్చాను. సగం మంది పాత వరసలోనే పేర్లు రాసేశారు. బాగా చదివే ఒకమ్మాయి మాత్రం అడ్రినలిన్‌ని సరిగ్గా పట్టుకుంది. ఎలా పట్టావని వైవాలో అడిగాను.

"గీత పైకి లేచి, దిగేటప్పుడు కింద చిన్న గుంట పడింది మేడమ్."

"ఆ గుంట ఎందుకు పడింది?"

"అది అడ్రినలిన్ గుర్తు మేడమ్."

అసలు పాఠమంతా ఆ గుంటలోనే ఉంది. ఆల్ఫా గ్రాహకాల వల్ల రక్తనాళాలు బిగుసుకుని బీపీ లేస్తుంది. మందు పలచబడేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. తక్కువ మోతాదుకే స్పందించే బీటా-2 గ్రాహకాలు మాత్రం నాళాల్ని ఇంకా వదులు చేస్తూనే ఉంటాయి, అందుకని బీపీ మొదలున్న గీత కంటే కిందికి దిగుతుంది. ముందే ఆల్ఫాని అడ్డుకుంటే ఇక లేవడమే ఉండదు, పడిపోవడమే. హెన్రీ డేల్ 1906లోనే ఎర్గాట్‌తో చూపించిన సంగతి ఇది.

సరే, ఆచరణలోదేదైనా అడుగుదామనుకున్నాను. "పెన్సిలిన్ ఇవ్వగానే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోయింది. అడ్రినలిన్ ఎలా ఇస్తావమ్మా?"

"ఐవీ మేడమ్. ప్రాక్టికల్‌లో అలాగే ఇచ్చాం కదా."

పెద్దవాళ్లకైతే మొదట ఇవ్వాల్సింది అర మిల్లీగ్రాము, తొడ బయటివైపు కండలోకి. అంత మోతాదూ ఒక్కసారిగా సిరలోకి పంపిస్తే గుండె లయ తప్పొచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. ఈ మాట లెక్చర్‌లో చెప్పాను కూడా. అందుకే ముందు ఆ అమ్మాయి మీదే విసుక్కున్నాను.

సాయంత్రం ప్రోగ్రాం తెరిచి నేనే ఆ ప్రయోగం మొదట్నుంచీ చేసుకుంటూ పోయాను. ప్రోగ్రాంలో తప్పేం లేదు. కుక్కకి మత్తిచ్చారని, మెడ ధమనిలో గొట్టం పెట్టి బీపీ కొలుస్తున్నారని, మందు తొడ సిరలోకి మైక్రోగ్రాముల లెక్కన వెళ్తోందని అంతా రాసే ఉంది. ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో. ల్యాబులో మత్తిచ్చిన జంతువునీ, కట్టిన గొట్టాల్నీ కళ్లారా చూసినవాడికి ఇది ప్రయోగమనీ, వైద్యం కాదనీ విడిగా చెప్పనక్కర్లేదు. తెరమీద అదంతా ఒక్క బటన్. చెప్పాల్సింది నేను. నేనేమో రికార్డులు దిద్దుకుంటున్నాను.

తర్వాతి బ్యాచ్ నుంచి పద్ధతి మార్చాను. క్లిక్ చేసే ముందు గ్రాఫు కాగితం మీద తమ అంచనా గీయాలి, కింద ఎందుకో ఒక వాక్యం రాయాలి. మొదటిరోజు అందరి అంచనాలూ అచ్చం తెరమీద వచ్చినట్టే ఉన్నాయి! దొంగచాటుగా ముందే క్లిక్ చేసి చూసేశారు మరి. మర్నాటి నుంచి మానిటర్లు ఆపించి, ప్రొజెక్టర్ నా దగ్గర పెట్టుకున్నాను. అప్పుడు మొదలయ్యాయి తప్పులు. ఐసోప్రెనలిన్‌కి గుండె వేగం పెరుగుతుంది కాబట్టి బీపీ కూడా పెరగాలని చాలామంది గీతని పైకి లాగారు. తెరమీద అది కిందికి పోతే, ప్రోగ్రాం పాడైందేమో మేడమ్ అన్నాడొకడు.

చివర్లో అసలు ఆంప్యూల్ ఒకటి చేతికిస్తున్నాను. 1 మి.లీ., అందులో 1 మిల్లీగ్రాము. సగం ఎంతో అందరికీ తెలుసు. ఆ గాఢతనే "వెయ్యికి ఒకటి" అని ఎందుకంటారో చెప్పమంటే మాత్రం బల్ల వైపు చూస్తారు.

తప్పు గ్రాఫుని చెరపనివ్వను. పక్కనే తెరమీద వచ్చింది, కింద కారణం. రికార్డులు మునుపటంత అందంగా లేవు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన పేజీలు తిప్పి, ఈ కొట్టివేతలేంటి మేడమ్ అన్నారు. ఆ రాసినవాణ్ణే అడగమన్నాను. ఐసోప్రెనలిన్ దగ్గర ఆపి అడిగారు. వాడు సగం చెప్పగలిగాడు, మిగతా సగం ఆయన చెప్పారు.