పాత లాప్‌టాప్, కొత్త ఎస్ఎస్‌డీ

లాప్‌టాప్ స్లో అయిందంటే మా నల్లగొండ, పాలమూరు పిల్లలు కొత్తది కొనిమ్మని ఇంట్ల అడుగుతున్నరు. జర ఆగండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పోయి, పాత హార్డ్ డిస్క్ బదులు ఒక ఎస్ఎస్‌డీ తెచ్చి వేస్తే చాలా పాత మెషీన్లు మళ్లీ పనికొస్తయి. హార్డ్ డిస్క్ సెకనుకు దాదాపు 100 ఎంబీ చదివితే, సాటా ఎస్ఎస్‌డీ 550 దాకా, మంచి ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అయితే 3,000 దాటి చదువుతది. కొనేముందు మీ లాప్‌టాప్‌ల ఏ స్లాట్ ఉందో చూసుకోండి. ఎం.2 స్లాట్ ఉన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ పనిచేస్తదని లేదు.

మా మేనల్లుడి దిగులంతా డిస్క్ మారిస్తే పోయే గేముల గురించే. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇంట్ల 100 జీబీ గేమ్ మళ్లీ డౌన్‌లోడ్ చెయ్యాలంటే మాటలా! ఆ అవసరం లేదు. కొత్త డ్రైవ్‌ను యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ల పెట్టి పాతదాన్ని క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేస్తే విండోస్, గేములు, సేవ్ ఫైళ్లు అన్నీ వస్తయి. రెండు డ్రైవ్‌లకు చోటుంటే గేములు రెండోదాంట్ల పెట్టుకోవచ్చు. గేములు స్టీమ్ యాప్‌ల ఉంటే, దాని స్టోరేజ్ సెట్టింగ్స్‌ల మూవ్ నొక్కితే అదే జరుపుతది. లైసెన్సు పోతదన్న భయం వద్దు, విండోస్ డిజిటల్ లైసెన్సు ముఖ్యంగా మదర్‌బోర్డును చూస్తది. డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌ల ఉంటే మాత్రం రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. కొత్తది సరిగ్గా నడుస్తుందని నమ్మకం కుదిరేదాకా పాత డిస్క్‌ను ఫార్మాట్ చెయ్యకండి.