పొట్టకి కత్తెర పడ్డాక...

పన్నెండేళ్ళుగా సినిమా వాళ్ళ బరువుల గురించి రాస్తున్నాను. ఫలానా హీరోగారు కొత్త సినిమా కోసం పదిహేను కిలోలు తగ్గారనీ, ఫలానా హీరోయిన్ పాత్ర కోసం ఒళ్ళు చేశారనీ! "తగ్గడం వెనుక రహస్యం ఏమిటండీ?" అని నేను అడగటం, "ఏముందండీ, పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు, కాస్త యోగా, రాత్రి పెందలాడే భోజనం" అని వాళ్ళు చెప్పటం, దాన్ని పొల్లుపోకుండా రాసుకుని నేను ఇంటికొచ్చేయటం... ఇదే తంతు. నమ్మానా? లేదు. అయినా రాశాను. తీరా అదే ప్రశ్న ఒకరోజు నన్ను అడిగితే నేనూ అదే జవాబు చెప్పాను! ఆ అబద్ధం ఒక మనిషిని ఎంతదూరం తీసుకెళ్ళిందో చెప్పాలంటే, ముందు నా పొట్ట సంగతి చెప్పుకోవాలి.

2023 వేసవిలో నా బరువు 138 కిలోలు. ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. షుగరు ఉంది. అన్నిటికన్నా పరువు తీసింది గురక! నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బట అది. రాత్రంతా పడుకున్నా పగలు కళ్ళు మూతలు పడేవి. ఒక ప్రివ్యూలో లైట్లు ఆరగానే నిద్రపోయాను. క్లైమాక్సులో తల్లి చనిపోతుంటే హాలంతా నిశ్శబ్దం, నా గురక తప్ప! నిర్మాతగారు ఆ తర్వాత ఏడాది పాటు నాకు ప్రివ్యూ పిలుపు పంపలేదు. ఆయన తప్పేం లేదులెండి.

డైట్లు చెయ్యలేదా అంటే, అన్నీ చేశాను. పది తగ్గి పన్నెండు పెరగడం నాకు అలవాటే. చివరికి షుగరు డాక్టరుగారే ఆపరేషన్ మాట ఎత్తారు. ఇంట్లో అమ్మ గుండె బాదుకుంది. 2015 జూన్‌లో ఆర్తి అగర్వాల్ అమెరికాలో కన్నుమూసినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆవిడ లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికల్లో వచ్చింది కదా, ఆ వార్త అమ్మ మనసులో అలాగే ఉండిపోయింది. "ఆ పిల్ల గతేం అయిందిరా?" అంటుంది. లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వు పీల్చి తీసేదనీ, నాకు చేసేది వేరనీ, ఇది పొట్ట సంచికే చేసే ఆపరేషన్ అనీ వివరిస్తే ఆవిడ భయం రెట్టింపయింది తప్ప తగ్గలేదు.

దాన్ని స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అంటారు. పొట్ట మీద ఐదు చిన్న చిల్లులు పెట్టి, లోపలికి కెమెరా దించి, పొట్ట సంచిలో నూటికి 75 నుంచి 80 వంతులు కోసి బయటికి తీసేస్తారు. మిగిలింది అరటికాయంత సన్నటి గొట్టం. పదహారు రీళ్ళ సినిమాని ఎడిటరు మూడు రీళ్ళకి కుదించినట్టన్నమాట! తీసేసిన రీళ్ళు మళ్ళీ అతికించడం కుదరదు. సంతకం పెట్టించుకునే ముందు డాక్టరుగారు ఈ మాట మూడుసార్లు చెప్పారు. రెండు వారాల ముందు నుంచే తిండి బాగా తగ్గించేయించారు, కాలేయం కాస్త కుంచించుకుంటే లోపల పని చేసుకోవడానికి చోటు దొరుకుతుందని.

ఆపరేషన్ సంగతి నాకేం తెలుసు, మత్తులో ఉన్నాను. తెలిసిందల్లా తర్వాతిదే. మెలకువ వచ్చేసరికి నొప్పి పొట్టలో లేదు, కుడి భుజంలో ఉంది! గుండెపోటే అనుకుని బావురుమన్నాను. నర్సమ్మ నవ్వింది. "పొట్ట ఉబ్బించడానికి గ్యాసు నింపుతారు సార్, అది కాస్త మిగిలి భుజంలోకి లాగుతుంది. లేచి నడవండి, పోతుంది" అంది. అదే సాయంత్రం, సెలైన్ స్టాండును చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వరండాలో నడిచాను. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా బిగుతు మేజోళ్ళు, పొట్ట మీద ఇంజెక్షన్లు, ఊపిరితిత్తులకి వ్యాయామంగా మూడు బంతుల బొమ్మ. గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. మొదటిరోజు ఒక్క బంతి లేచింది. చిన్నపిల్లాడిలా మురిసిపోయాను.

మర్నాడు దగ్గుమందు మూతంత చిన్న కప్పులో 30 మిల్లీలీటర్ల నీళ్ళిచ్చి, చుక్క చుక్కగా తాగమన్నారు. ఒకప్పుడు లీటరు సీసా ఎత్తిన దమ్మున దించేవాణ్ణి. ఆ మూతెడు నీళ్ళతో నా పొట్ట నిండిపోయింది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మూడోరోజు ఇంటికి పంపుతూ ఒక కాగితం చేతిలో పెట్టారు. జ్వరం, ఆగకుండా గుండె దడ, పొట్టలో నొప్పి పెరగడం, ఆయాసం, పిక్క వాపు... వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే వచ్చెయ్యమని. కుట్లు వేసిన చోట ఎక్కడైనా కారితే ప్రాణం మీదికి వస్తుంది. చాలామందికి అలా జరగదు గానీ, జరిగినవాళ్ళకి ఆలస్యం పనికిరాదు. నేను రెండు వారాలు గంటగంటకీ నాడి చూసుకున్నాను.

ఇక అసలు సినిమా ఇంట్లో మొదలైంది. మొదటి రెండు వారాలూ నీళ్ళలాంటివే. వడగట్టిన పెసరకట్టు, పల్చటి మజ్జిగ, కారం లేని చారుతేట, ప్రోటీన్ పొడి కలిపిన పాలు. అమ్మ గ్లాసు నిండా పోసి తెస్తుంది, నేను రెండు చెంచాలు తాగి పక్కన పెడతాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. నలభై ఏళ్ళుగా "ఇంకొంచెం వేసుకో నాన్నా" అనే మాటతోనే ప్రేమ చెప్పుకున్న మనిషి! ఇప్పుడు ఆ మాట అనకూడదు. మరి ఏం అనాలి? ఆవిడకి తెలియలేదు. నాకూ తెలియలేదు. ఈ సంగతి డాక్టరుగారి కాగితంలో లేదు.

తొమ్మిదోరోజు టీవీలో "మాయాబజార్" వచ్చింది. 1957 నాటి సినిమా, వందసార్లు చూసి ఉంటాను. ఘటోత్కచుడిగా రంగారావుగారు విందు ముందు కూర్చోగానే, లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లో పడుతుంటే, నా చేతిలో మజ్జిగతేట గ్లాసు! ఏడ్చేశాను. చిత్రం ఏమిటంటే నాకు ఆకలి లేదు. ఘ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తయారయ్యేది కోసేసిన భాగంలోనేనట, అందుకని కడుపు మాట్లాడటం మానేసింది. కానీ కళ్ళు అడుగుతున్నాయి, నాలుక అడుగుతోంది, చెయ్యి అడుగుతోంది. ఆ రాత్రి "ఎందుకు చేయించుకున్నానురా భగవంతుడా" అని గోడకేసి తల కొట్టుకున్నంత పని చేశాను. తర్వాత అడిగితే డాక్టరుగారు, "మొదటి నెలలో ఈ మాట అనని పేషెంటు నాకు అరుదు" అన్నారు. ముందే చెబితే ఏం పోయింది మహానుభావా!

పన్నెండోరోజు మళ్ళీ ఆస్పత్రికి పరిగెత్తాను. నేను అనుకున్నంత ఘోరమేం కాదు. నీళ్ళు తాగలేదు, అంతే. రోజుకి లీటరున్నర చుక్కచుక్కగా పంపాలి, అదే ఉద్యోగంగా పెట్టుకోవాలి. నేను బద్ధకించాను. కళ్ళు తిరిగి, మూత్రం ముదురు పసుపయింది. రెండు సీసాల సెలైన్ ఎక్కించి, చీవాట్లు పెట్టి పంపారు.

తర్వాత మెత్తటి గుజ్జు తిండి, ఆ తర్వాత గుడ్డు, పన్నీరు, ఉడికించిన చేప. నెలన్నర దాటాకే మామూలు తిండి. అది కూడా అరకప్పు, ప్రోటీన్ ముందు, అన్నం ఆఖర్న. భోజనం మధ్య నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి. పళ్ళెం పక్కన మంచినీళ్ళ గ్లాసు లేకుండా తినడం తెలుగువాడికి ఎంత కష్టమో మీరే ఆలోచించండి. ఒకసారి ఆదరాబాదరా ఇడ్లీ ముక్క మింగాను. గుండెల మీద బండరాయి పెట్టినట్టయింది. నోట్లో నురగ నురగగా లాలాజలం ఊరింది. అరగంట సింకు పట్టుకుని నిలబడ్డాను. ఒక్క ఇడ్లీ!

బరువు మాత్రం దిగింది, కాకపోతే తిన్నగా కాదు. మూడో వారం 127 దగ్గర ముల్లు ఆగిపోయి పన్నెండు రోజులు కదలలేదు. మిషను పాడైందని పక్కింటివాళ్ళది తెచ్చి చూశాను. అదీ 127 అనే అంది! ఒంట్లో నీటి లెక్కలు సర్దుకునేటప్పుడు ఇలా అవుతుందట. నాలుగో నెలలో జుట్టు దువ్వెనకి ముద్దలుగా వచ్చింది. ఒంటికి తగిలిన దెబ్బకి జుట్టు ఇలా ఊడుతుంది, ఆరునెలలు ఓపిక పట్టండన్నారు. పట్టాను, మళ్ళీ వచ్చింది. చర్మం మాత్రం వేలాడింది, వేలాడుతూనే ఉంది. బీ12, ఐరన్, డీ విటమిన్ బిళ్ళలు జీవితాంతం. షుగరు మందు డాక్టరుగారే తగ్గిస్తూ వచ్చి, ఎనిమిదో నెలలో ఆపేశారు. గురక పోయింది. అమ్మ మొదటిరాత్రి భయపడి, ఊపిరి ఆడుతోందో లేదోనని నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.

ఏడాది తిరిగేసరికి 88. అప్పుడు మొదలైంది అడగడం! ప్రెస్‌మీట్‌లో, ఫంక్షన్‌లో, కృష్ణానగర్ టీ బడ్డీ దగ్గర... "గురూ, రహస్యం ఏమిటి?" నేను చిరునవ్వు నవ్వి "ఏముందీ, రాగిజావ, వాకింగ్" అనేవాణ్ణి. ఎందుకలా అన్నాను? సిగ్గు. కోయించుకుని తగ్గినవాడు దొడ్డిదారిన వచ్చినట్టు చూస్తారని భయం. ఈ ఏడాది పడ్డ పాట్లు చూసినవాడెవడూ దీన్ని దొడ్డిదారి అనడు గానీ, చూసింది అమ్మ ఒక్కతే కదా.

నాకో స్నేహితుడున్నాడు, స్టిల్ ఫోటోగ్రాఫరు. పేరెందుకులెండి. ఇద్దరం కలిసి వస్తుంటే యూనిట్ వాళ్ళు "రేలంగి, రమణారెడ్డి జంట కాదురోయ్, ఇద్దరూ రేలంగులే" అని నవ్వేవారు. బఫేలో చివరి బిర్యానీ మాదే. వాడూ అడిగాడు. "నిజం చెప్పు బావా" అన్నాడు. వాడికీ రాగిజావే చెప్పాను.

వాడు నమ్మాడు. మూడు నెలలు పొద్దున జావ, రాత్రి జావ. షుగరు బిళ్ళలు మాత్రం మామూలుగానే వేసుకుంటున్నాడు. ఒకరోజు వాళ్ళావిడ ఫోను. "అన్నయ్యగారూ, మీరు చెప్పినట్టే చేస్తున్నారండీ, ఆరు కిలోలు తగ్గి ఆగిపోయింది. మా ఆయన చేతకానివాణ్ణని రాత్రిళ్ళు ఏడుస్తున్నారు. మీరొకసారి ధైర్యం చెప్పండి" అంది. నేను ధైర్యం చెప్పాను! నిజం చెప్పలేదు. వారం తర్వాత శంషాబాద్ దగ్గర షూటింగులో, ఎండలో, కెమెరా మెడలో ఉండగానే వాడు కుప్పకూలాడు. షుగరు బాగా పడిపోయింది. ఎవరో గ్లూకోజు నోట్లో పోసి ఆస్పత్రికి చేర్చారు కాబట్టి దక్కాడు.

మంచం పక్కన కూర్చుని చెప్పాను. మొత్తం. వాడు అటు తిరిగి పడుకున్నాడు. "పదేళ్ళు ఒకే పళ్ళెంలో తిన్నాం కదరా" అని ఒక్కమాట అన్నాడు. రెండు నెలలు ఫోను ఎత్తలేదు.

ఈమధ్య ఒక సాయంత్రం తలుపు కొట్టాడు. లోపలికొచ్చి, కూర్చోకుండానే "చొక్కా ఎత్తు" అన్నాడు. ఎత్తాను. ఐదు మచ్చలూ లెక్కపెట్టాడు. వేలాడే చర్మం చూశాడు. "నొప్పి ఉందా?" అన్నాడు. అప్పుడు చెప్పాను, పైన మీకు చెప్పిందంతా. చెప్పనిది ఇంకొకటి కూడా... ఈ ఏడాది మళ్ళీ నాలుగు కిలోలు పెరిగాను. అన్నం పట్టదు గానీ ఐస్‌క్రీం జారిపోతుంది, లడ్డూ కరిగిపోతుంది. పొట్ట చిన్నదైనా దాన్ని మోసం చెయ్యడం చెయ్యికి తెలుసు. మొదటి ఏడాది బరువు దానంతటదే పోతుంది, ఆ తర్వాత మన బుద్ధితోనే పని అని డాక్టరుగారు ముందే చెప్పారు. ఇప్పుడు మళ్ళీ లెక్కలు రాసుకుంటున్నాను.

పోయిన మంగళవారం వాణ్ణి తీసుకుని ఆ డాక్టరుగారి దగ్గరికే వెళ్ళాను. అది అందరికీ పనికొచ్చేది కాదు, వాడికి సరిపడుతుందో లేదో పరీక్షలయ్యాక తేలుతుంది. ఒప్పుకుంటాడో మానుకుంటాడో వాడిష్టం. లోపల గంటసేపు కూర్చుని బయటికొచ్చాడు. ఏమడిగావురా అన్నాను.

"పులస చేప తినొచ్చా అని అడిగాను బావా."

"ఏమన్నారు?"

"రెండు ముక్కలు అన్నారు. మూడోది నీకు పెడతాలే."

నాకూ రెండే అని వాడికి ఇంకా చెప్పలేదు.